కుంటే గుర్రానికి మూడు గడువులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పశుసంవర్ధక శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



ముహూర్తాలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో పెళ్ళిగుర్రాలకు ఊపిరి సలపదు. ఒక ఊరేగింపు ముగిసీ ముగియకముందే ఇంకో ఫంక్షన్ హాలు ముందు నిలబడాలి. చెవి పక్కన బ్యాండు మేళం, కాళ్ళ దగ్గర టపాకాయలు, కింద నూనె మరకల సిమెంటు రోడ్డు, వీపు మీద షేర్వానీ వేసుకున్న పెళ్ళికొడుకు. విశాఖ ఆర్కే బీచ్‌లో మరికొన్ని సాయంత్రమంతా పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో తిరుగుతుంటాయి. ఇలా బతుకుతున్నవాటిలో పొడుగాటి జాతి గుర్రాలతో పాటు, భుజం దగ్గర ఎత్తు 148 సెంటీమీటర్లు దాటని తట్టువలు, పొట్టి గుర్రాలు కూడా ఉన్నాయి.

అలాంటి తట్టువ ఒకటి రోడ్డు మీద జారి కాలు దెబ్బతీసుకుంటే దాని భవిష్యత్తు ఎవరు తేలుస్తారు? పుస్తకంలో చూస్తే పశువైద్యుడు, పోలీసు అధికారి, మేజిస్ట్రేటు అందరూ కనిపిస్తారు. నిజానికి తేల్చేది యజమాని జేబు. నాలుగు రోజులు కట్టేసి చూస్తాడు. వాపు కాస్త తీయగానే నొప్పి సూది వేయించి మళ్ళీ జీను కడతాడు. లేదా కాలి సంగతి దాచిపెట్టి దూరపు సంతలో అమ్మేస్తాడు. అదీ కుదరకపోతే ఊరి బయట వదిలేసి వస్తాడు. అంతమాత్రాన అతను కసాయివాడు కానక్కర్లేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. కుంటిదీ అంతే తింటుంది. రోజు గడవాలంటే ఆ గుర్రమే నడవాల్సిన ఇంట్లో ఆరు నెలల విశ్రాంతి అనే మాట ఎవరికీ వినపడదు.

అందుకే ఈ లేఖ. దెబ్బతిన్న గుర్రం భవిష్యత్తును ఒకే పూటలో, ఒకే మనిషి, డబ్బు లెక్క ఒక్కటే చూసుకుని తేల్చే పద్ధతి పోవాలి. మొదటి రోజు ఒకసారి, మూడో నెలలో ఒకసారి, ఏడాది తిరిగాక మరోసారి, పశువైద్యుడి సంతకంతో తేల్చే ఏర్పాటు రావాలి. ఈ గడువుల నడుమ తన మేత తానే సంపాదించుకోవాల్సిన అవసరం గుర్రానికి ఉండకూడదు. పశువైద్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. కాబట్టి ఈ పని ఢిల్లీ మీదికి నెట్టాల్సింది కాదు, మీ చేతిలో ఉన్నదే.

కాలే కదా, కట్టు కడితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. గుర్రం విషయంలో సరిపోదు. దాని బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. ఆ ముందుకాలిలో మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న స్నాయువులు, పైన చర్మం, అంతే. రక్తం అంతంతమాత్రంగా అందే చోటు కాబట్టి గాయం మానడానికి నెలలు పడుతుంది. పోనీ పడుకోబెట్టి ఉంచుదామంటే అంత పెద్ద శరీరం రోజుల తరబడి నేల మీద ఉండలేదు. కండరాలు నలిగిపోతాయి, ఊపిరితిత్తులు బరువెక్కుతాయి, ఒరిసిన చోటల్లా పుండ్లు పడతాయి. అంటే మూడు కాళ్ళ మీద నిలబడే నాలుగో కాలిని మాన్పుకోవాలి.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే సున్నితమైన పొరలు ఉంటాయి. అడుగు వేసి తీసినప్పుడల్లా వాటికి రక్తం ఆడుతుంది. దెబ్బ తగిలిన కాలి బరువు కూడా పక్క కాలే రాత్రింబవళ్ళు కదలకుండా మోస్తే ఆ పొరలకు రక్తం తగ్గిపోతుంది, అవి విడిపోతాయి, లోపలి ఎముక కిందికి జారుతుంది. పశువైద్యులు దీన్ని లామినైటిస్ అంటారు. దెబ్బ ఒక కాలికైతే ప్రాణం ఇంకో కాలి నుంచి పోతుంది.

బార్బారో అనే అమెరికన్ పందెపు గుర్రం కథ ఇందుకు పేరుపడ్డ సాక్ష్యం. 2006 మే నెలలో కెంటకీ డెర్బీ గెలిచిన రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెంలో దాని కుడి వెనకకాలు నుజ్జయింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి న్యూ బోల్టన్ ఆసుపత్రిలో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ బృందం స్టీలు పలక, 27 మరలు బిగించి ఎముకను నిలబెట్టింది. మత్తు వదిలేటప్పుడు తన్నుకోకుండా నీటి తొట్టెలో తేల్చి మరీ మేల్కొలిపారు. ఆ జాగ్రత్త వెనక చేదు అనుభవం ఉంది. 1975లో రఫియన్ అనే మేటి ఆడగుర్రం ఆపరేషన్ తర్వాత మత్తు దిగుతూ ఇంకా పరుగులోనే ఉన్నట్టు కాళ్ళు కొట్టుకుని కట్టు పగలగొట్టుకుంది. చివరికి ప్రాణం తీయక తప్పలేదు. బార్బారో ఆ గండం దాటింది. నెలల తరబడి కోలుకుంటున్నట్టే కనిపించింది. కానీ లామినైటిస్ దెబ్బ తగలని కాళ్ళకు పాకింది. 2007 జనవరి 29న దాన్ని నిద్రపుచ్చారు. డబ్బు, నైపుణ్యం, ప్రేమ, ఏదీ తక్కువ కాని చోట కూడా మొదటి రోజు తీసుకున్న నిర్ణయం ఎనిమిది నెలల తర్వాత మారింది.

మన దేశంలో అందరికీ గుర్తున్న పేరు శక్తిమాన్. ఉత్తరాఖండ్ పోలీసు శాఖ గుర్రం. 2016 మార్చి 14న డెహ్రాడూన్‌లో ఒక రాజకీయ నిరసన ప్రదర్శన దగ్గర దాని వెనకకాలు విరిగింది. దేశమంతా టీవీల్లో చూసింది. వైద్యులు కాలు తీసేసి కృత్రిమ కాలు అమర్చారు. ఏప్రిల్ 20న అది కన్నుమూసింది. ఆ ఐదు వారాల్లో తప్పు ఎవరిదన్న దాని మీద జరిగినంత చర్చ, ఆ స్థితిలో గుర్రాన్ని బతికించే ప్రయత్నం ఎంతవరకు న్యాయం, ఎప్పుడు ఆపాలి అన్న దాని మీద జరగలేదు.

మరో వైపు మోలీ ఉంది. అమెరికాలోని లూసియానాలో 2005 నాటి కత్రినా తుపాను తర్వాత దొరికిన పొట్టి గుర్రం. కుక్క దాడిలో దాని ముందుకాలు పనికిరాకుండా పోయింది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ శస్త్రవైద్యుడు రస్టిన్ మూర్ మొదట ఒప్పుకోలేదు. గుర్రానికి కాలు తీయడమంటే ఎక్కువసార్లు చావును వాయిదా వేయడమేనని ఆయనకు తెలుసు. కానీ గమనించాక మనసు మార్చుకున్నారు. ఆ తట్టువ బరువును ఒకే కాలి మీద వేయకుండా మార్చి మార్చి మోస్తోంది. పుండ్లు పడకుండా ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు తిరిగి పడుకుంటోంది. మనుషులు సాయం చేస్తుంటే బెదరడం లేదు. 2006 జనవరిలో ఆపరేషన్ జరిగింది. కృత్రిమ కాలితో మోలీ ఏళ్ళ తరబడి బతికింది, ఆసుపత్రుల్లో పిల్లల్ని పలకరించడానికి కూడా వెళ్ళింది.

శక్తిమాన్‌కూ మోలీకీ కృత్రిమ కాలే పెట్టారు. ఒకటి వారాల్లో పోయింది, ఇంకొకటి ఏళ్ళు బతికింది. బరువు తేడా ఉంది, దెబ్బ తగిలిన చోటు తేడా ఉంది, స్వభావం తేడా ఉంది. తట్టువలకు ఒక వరం ఏమిటంటే బరువు తక్కువ. 500 కిలోల పందెపు గుర్రం నిలబెట్టుకోలేని ఎముకను 200 కిలోల తట్టువ నిలబెట్టుకోవచ్చు. కాబట్టి కాలు విరిగితే కాల్చేయడమే అన్న సినిమా సూత్రాన్నీ, ఏమైనా సరే బతికించాల్సిందే అన్న పట్టుదలనూ రెండింటినీ పక్కన పెట్టి ఒక్కో గుర్రాన్నీ విడిగా చూడాలి. చూసే పద్ధతి ఏమిటన్నదే మిగిలిన ప్రశ్న.

మొదటి గడువు మొదటి 24 గంటలు.

ఆ రోజు తేల్చాల్సింది గుర్రం మళ్ళీ ఊరేగింపుకు వస్తుందా లేదా అని కాదు. నొప్పిని అదుపు చేయగలమా, కాలిని కదలకుండా కట్టగలమా అన్నవే ఆ రోజు ప్రశ్నలు. పెద్ద గుర్రంలో మోకాలి పైభాగపు పొడవాటి ఎముక ముక్కలై చర్మం చీల్చుకుని బయటికొస్తే దాదాపు దారి లేదు. అప్పుడు ఆలస్యం చేసే ప్రతి గంటా హింసే. మోకాలి కిందిదైతే దూదిపొరలతో మందంగా కట్టు కట్టి, ప్లంబింగ్ దుకాణంలో దొరికే పీవీసీ పైపును నిలువునా చీల్చి దన్నుగా బిగించినా ఎక్స్‌రే తీసే చోటు దాకా తీసుకెళ్ళవచ్చు. గాయం ఎంత చిన్నదైనా ధనుర్వాతం టీకా తప్పనిసరి. పెంపుడు జంతువులన్నిటిలో ధనుర్వాతానికి ఎక్కువగా బలయ్యేది గుర్రమే. మన రోడ్ల మీద తగిలిన దెబ్బలో మట్టి, పేడ కలవకుండా ఉండవు.

నొప్పి పుట్టినా గుర్రం సాధారణంగా మూలగదు, అరవదు. వేటకు గురయ్యే జంతువు కనుక నొప్పిని దాచుకుంటుంది. అయినా కొలిచే సాధనాలు ఉన్నాయి. యూరప్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ముఖకవళికల కొలమానం ఆరు గుర్తులు చెబుతుంది: వెనక్కి బిగుసుకున్న చెవులు, సగం మూసుకున్న కళ్ళు, కంటి పైన బిగువు, దవడ కండరాల ఉబ్బు, బిగించిన నోరు, సాగిన ముక్కుపుటాలు. నడకకు మరో కొలమానం ఉంది. అమెరికా అశ్వవైద్యుల సంఘం వారిది, సున్నా నుంచి ఐదు దాకా. సున్నా అంటే కుంటు లేదు. నాలుగు అంటే మామూలు నడకలోనే స్పష్టంగా కుంటుతోంది. ఐదు అంటే కాలు నేలకు ఆనించడమే కష్టం. ఇవి నేర్పడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకు తగలగానే తల పైకి ఎగరేస్తుందన్న సంగతి గుర్రాలను సాకే సాయిసులకు ఎప్పటి నుంచో తెలుసు. తెలిసినదాన్ని కాగితం మీద అంకెగా రాయించడమే మిగిలింది.

రెండో గడువు మూడో నెల. కథ ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. వాపు తీసింది, గుర్రం మామూలుగా నడుస్తున్నట్టుంది, మేత ఖర్చు పెరుగుతోంది, పైగా ముహూర్తాలు దగ్గరపడ్డాయి. కానీ పైకి మానినట్టు కనిపించే స్నాయువు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. తెగిన పోగుల చోట వచ్చే మచ్చ కణజాలానికి పాత సాగుడు ఉండదు. కాలి వెనకభాగపు ప్రధాన స్నాయువు గట్టిగా దెబ్బతింటే పూర్తి పనికి రావడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుందని, తొందరపడితే అదే చోట మళ్ళీ తెగుతుందని వైద్యులు చెబుతారు. లోపల ఏముందో అల్ట్రాసౌండ్ చెబుతుంది, కన్ను చెప్పలేదు. మూడో నెలలో ఎముకకు ఎక్స్‌రే, స్నాయువుకు అల్ట్రాసౌండ్ తీయకుండా ఏ గుర్రానికీ జీను కట్టనివ్వకూడదు.

ఈ మధ్యకాలంలో ప్రేమ కూడా కీడు చేస్తుంది. పనిలేక నిలబడ్డ గుర్రాన్ని చూసి జాలిపడి ఉలవ గుగ్గిళ్ళు, బెల్లం, తవుడు ఇంకాస్త ఎక్కువ పెడతారు. తట్టువల ఒంటితీరు వేరు. తక్కువ గడ్డితో బతకడానికి అలవాటుపడ్డ జాతులు అవి. తీపి, పిండిపదార్థాలు ఎక్కువైతే ఇన్సులిన్ అదుపు తప్పి అదే లామినైటిస్ వస్తుంది. కదలిక తగ్గిన గుర్రానికి కడుపునొప్పి కూడా తేలిగ్గా పట్టుకుంటుంది. ఎండుగడ్డి ఎక్కువ, దాణా తక్కువ, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో, మెత్తటి పడక, వైద్యుడు సరేనన్నాక పగ్గం పట్టుకుని రోజుకు ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచడం. ఇదంతా ఖరీదైన వైద్యం కాదు. ఓపిక, ఒక మనిషి కూలి.

వాతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కుంటే పశువుకు ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం మన పల్లెల్లోనే కాదు, ఒకప్పుడు ఇంగ్లండ్ గుర్రపుశాలల్లో కూడా గౌరవనీయమైన వైద్యమే. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్నాయువు గాయాల మీద దాన్ని పరీక్షించి, వాతల వల్ల గాయం మానడంలో మేలు ఏమీ లేదని 1983లో తేల్చి చెప్పారు. వాత పెట్టాక గుర్రం కొన్నాళ్ళు పని మానేస్తుంది. ఏదైనా గుణం కనిపించిందంటే అది ఆ విశ్రాంతి ఇచ్చింది. ఆ విశ్రాంతిని కాల్చకుండానే ఇవ్వవచ్చు. మీ శాఖ క్షేత్రస్థాయి సిబ్బంది ఈ ఒక్క మాట ఊరూరా చెప్పినా మేలు.

మూడో గడువు ఏడాది తిరిగాక. అప్పుడు అడగాల్సింది గుర్రం బాగుపడిందా అని కాదు, దేనికి బాగుపడింది అని.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో గుర్రాల మీద వేర్వేరు బరువులు ఎక్కించి పరీక్షించారు. సొంత బరువులో 20 శాతం దాకా తట్టుకున్నాయి. 25, 30 శాతానికి వచ్చేసరికి కండరాల నొప్పి, గుండె వేగం పెరిగాయి. ఈ లెక్కన 250 కిలోల తట్టువ మోయదగింది జీనుతో కలిపి 50 కిలోలు. షేర్వానీ, తలపాగా వేసుకున్న మన పెళ్ళికొడుకు ఒక్కడే 70 కిలోలు దాటుతాడు. అంటే ఆరోగ్యంగా ఉన్న తట్టువకే అది ఎక్కువ. మూపు మీద సరుకు మోసే తట్టువకు 70 కిలోలు మించరాదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. రోజుకు తొమ్మిది గంటలు దాటి పని వద్దని, ఎండ 37 డిగ్రీలు మించిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనిచేయించవద్దని కూడా అవే నిబంధనలు చెబుతాయి. వేసవిలో రాయలసీమలో, తెలంగాణలో 37 డిగ్రీలు దాటని మధ్యాహ్నం ఎక్కడుంది?

కాలు మానిన తట్టువను మళ్ళీ సిమెంటు రోడ్డు మీద, డీజే ముందు, వెనకకాళ్ళ మీద లేపి నాట్యం చేయించడం కుదరదు. లోతైన బీచ్ ఇసుక కూడా స్నాయువుకు శత్రువే. మరి ఏం చేయొచ్చు? కళ్ళెం ఒకరు పట్టుకుని చిన్నపిల్లల్ని చదునైన మట్టి నేల మీద నడిపించవచ్చు. పందెపు గుర్రాలు ఒంటరితనానికి బెదురుతాయి కాబట్టి వాటి శాలల్లో తోడుగా తట్టువలను ఉంచుతారు. మలక్‌పేట లాంటి రేస్‌కోర్సులున్న చోట ఇది ఊహ కాదు, నిజమైన ఉపాధి. గుంపు మధ్య బెదరకుండా నిలబడేలా పోలీసు గుర్రాలను తీర్చిదిద్దిన అనుభవం హైదరాబాద్ పోలీసుల గోషామహల్ అశ్వదళానికి ఉంది. పనికి తిరిగొచ్చే తట్టువకు ఆ శిక్షకుల సలహా దొరికితే బాగుంటుంది. ఏ పనీ చేయలేనిది, నొప్పి లేకుండా మేసి పడుకోగలిగినది అయితే గోశాలల్లో చోటు అడగవచ్చు. కానీ గుర్రానికి గట్టి నేల, గిట్టలు చెక్కే మనిషి, తన జాతి తోడు కావాలన్న సంగతి ముందే చెప్పి మరీ అడగాలి.

ఒక దారి మాత్రం మూసెయ్యాలి. పాముకాటు విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది, అది లక్షల ప్రాణాల అవసరం. అంతమాత్రాన కుంటే తట్టువలను వదిలించుకునే చోటుగా ఆ తయారీ కేంద్రాలు మారకూడదు. రక్తం ఇచ్చే జంతువు ఆరోగ్యంగా ఉండాలి.

ఇక చట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం గాయం, జబ్బు, వయసు వల్ల పనికి తగని జంతువుతో పనిచేయించడం నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. బరాత్‌లో పెళ్ళికొడుకు మీద ఎగరేసే నోట్లతో పోలిస్తే అది చిల్లర. అదే చట్టంలో 35వ సెక్షన్ మాత్రం చదవదగినది. జంతువుల చికిత్సాలయాలను రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు. దెబ్బతిన్న జంతువును పనికి తగినట్టు కోలుకునే దాకా అక్కడ ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. నయం కాదని పశువైద్యుడు ధ్రువీకరిస్తే ప్రాణం తీయమని కూడా ఆదేశించవచ్చు. ఖర్చు యజమానిది. అయితే అతని పేదరికం చూసి చికిత్స రుసుము మాఫీ చేసే వీలు కూడా ఉంది.

అరవై ఏళ్ళకు పైబడిన ఈ సెక్షన్‌లో కావలసినదంతా ఉంది. ఒక మెలిక తప్ప. ఇదంతా నేరం జరిగిన జంతువుకే వర్తిస్తుంది. అంటే పేద యజమాని తన గుర్రానికి ఉచిత చికిత్స, విశ్రాంతి కోరుకుంటే ముందు దాన్ని హింసించి కేసులో ఇరుక్కోవాలి! బుద్ధిగా పని మాన్పించి, చేతులు జోడించి ఆసుపత్రికి తెచ్చినవాడికి ఆ తలుపు తెరుచుకోదు. కేసు లేకుండానే, యజమాని తనంతట తాను తెచ్చినా చేర్చుకునే చికిత్సాలయం పెట్టడానికి రాష్ట్రానికి ఎవరూ అడ్డు లేరు.

డబ్బు దగ్గర కూడా ఇలాంటి తిరకాసే ఉంది. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద పశుబీమా గుర్రాలకు, తట్టువలకు, కంచర గాడిదలకు కూడా వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ప్రీమియంలో లబ్ధిదారు వాటాను 15 శాతానికి తగ్గించింది. మంచిదే. కానీ ఆ బీమా ప్రధానంగా చావుకు డబ్బిస్తుంది, కట్టు కట్టించుకుని పాకలో నిలబడ్డ నెలలకు కాదు. గ్లాండర్స్ అనే అంటువ్యాధి తేలితే ప్రభుత్వమే గుర్రాన్ని చంపించి యజమానికి పరిహారం ఇస్తుంది. అంటే గుర్రం పోతే ఆదుకునే ఏర్పాట్లు రెండున్నాయి, కోలుకుంటున్నంత కాలం ఆదుకునేది ఒక్కటీ లేదు. పేదవాడికి ఏ దారి లాభమో లెక్క వేసుకోవడానికి చదువు అక్కర్లేదు.

ఖజానాకు ఇది పెద్ద భారమూ కాదు. 2012లో దేశంలో ఆరు లక్షలు దాటిన గుర్రాలు, తట్టువలు 2019 పశుగణన నాటికి దాదాపు 3.4 లక్షలకు పడిపోయాయి. తెలుగు రాష్ట్రాల వాటా అందులో చిన్నది. పాల పశువులకు చెవి బిళ్ళ మీద 12 అంకెల సంఖ్య ఇచ్చి వివరాలన్నీ నమోదు చేస్తున్న శాఖకు ఈ కొద్దిపాటి గుర్రాలను లెక్కలోకి తేవడం కష్టం కాదు.

చివరిగా, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన సంగతి. మూడు గడువుల్లో ఏ గడువులోనైనా జవాబు మరణం కావచ్చు.

1930లో కైరో వెళ్ళిన డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు మహిళ అక్కడి వీధుల్లో బండ్లు లాగుతున్న ముసలి గుర్రాలను చూసింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం అమ్మేసి వెళ్ళిన గుర్రాలవి. ఆ ఈజిప్టు, పాలస్తీనా రంగంలోనే మన హైదరాబాద్ లాన్సర్లు కూడా పోరాడారు.  1931లో బ్రూక్ మార్నింగ్ పోస్ట్ పత్రికకు బహిరంగ లేఖ రాసింది. పాఠకులు పంపిన డబ్బుతో మూడేళ్ళలో దాదాపు ఐదు వేల గుర్రాలను కొనుగోలు చేసింది. వాటిలో చాలావాటికి ఆమె ఇవ్వగలిగింది కొద్దిరోజుల మంచి మేత, మెత్తటి పడక, ఆ తర్వాత నొప్పి లేని చావు. 1934లో అక్కడే ఉచిత ఆసుపత్రి పెట్టింది. ఆమె పేరు మీద నడుస్తున్న సంస్థ ఇవాళ మన దేశంలో కూడా పనిచేసే గుర్రాలు, గాడిదల కోసం కృషి చేస్తోంది. అంత పెద్ద సంఖ్యలో గుర్రాలకు చావు నిర్ణయించినా ఆమె క్రూరురాలు కాదు.

అమెరికా అశ్వవైద్యుల సంఘం ఈ విషయంలో పెట్టుకున్న ప్రమాణాలు స్పష్టంగా ఉన్నాయి. నయంకాని జబ్బుతో అదుపులేని నొప్పిని గుర్రం భరిస్తూ ఉండకూడదు. బతికినంత కాలం నొప్పి మందు మీదే బతకాల్సి రాకూడదు. నొప్పి కోసమే జీవితమంతా ఒక గదిలో బందీగా ఉండకూడదు. మన దగ్గర సూది వేసి నిద్రపుచ్చడం పాపమని భయపడేవాళ్ళే గుర్రాన్ని హైవే పక్కన వదిలేస్తున్నారు. ఆ పాపం లెక్కలోకి రావడం లేదు. నిర్ణయం పశువైద్యుడిది, సంతకం ప్రభుత్వానిది అయితే యజమాని మనసు మీద బరువు తగ్గుతుంది. మత్తుమందుతో ప్రాణం తీసిన కళేబరాన్ని లోతుగా పూడ్చాలి. లేకపోతే పీక్కుతిన్న కుక్కలు, గద్దలు కూడా చస్తాయి. ఆ గొయ్యి తవ్వించే ఖర్చు కూడా ఏర్పాటులో భాగం కావాలి.

కాబట్టి మీ ఇద్దరి ముందు పెడుతున్న విన్నపాలు ఇవి.

కాలు దెబ్బతిన్న ప్రతి గుర్రానికీ ఒక పేజీ పత్రం ఇవ్వండి. అందులో మూడు తేదీలు, కుంటు అంకె, నొప్పి గుర్తులు, వైద్యుడి సంతకం ఉండాలి. గుర్రాన్ని అమ్మితే ఆ పత్రం కూడా దానితో వెళ్ళాలి. పత్రం ప్రకారం విశ్రాంతిలో ఉన్న గుర్రానికి రోజువారీ మేత భత్యం ఇవ్వండి. ఆ రోజుల్లో దానికి జీను కడితే భత్యం ఆపేయండి. పశువుల కోసం నడుస్తున్న 1962 నంబరు ఫోన్ సేవలో గుర్రం కాలి దెబ్బను అత్యవసర పిలుపుగా చేర్చండి. ఆ పిలుపుకు వచ్చే బండిలో కట్టుకు కావలసిన సామాను, ధనుర్వాతం టీకా ఉంచండి. తిరుపతి వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో, రాజేంద్రనగర్ పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయంలో అశ్వవైద్యానికి ఒక్కో నిపుణ కేంద్రం నిర్దేశించండి. మూడో నెల పరీక్షలు అక్కడ ఉచితంగా జరగాలి. రేస్‌కోర్సు వైద్యుల అనుభవాన్ని నెలకొకసారి అయినా వాడుకోండి. 35వ సెక్షన్ చికిత్సాలయాల్లో కేసు లేని గుర్రాలకు కూడా చోటు ఇవ్వండి. పెళ్ళి ఊరేగింపుకు గుర్రాన్ని తెచ్చేవారు పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం చూపాలని పోలీసు శాఖతో కలిసి నిబంధన పెట్టండి. ఫంక్షన్ హాళ్ళ యజమానులను కూడా అందులో బాధ్యులను చేయండి.

వీటిలో మొదటిదానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. వచ్చే ముహూర్తాలకు ముందే అది ప్రతి మండల పశువైద్యశాలకూ చేరితే ఆ సీజన్‌లో జారిపడే తట్టువల నుంచే లెక్క మొదలవుతుంది. ఏడాది తర్వాత ఎన్ని పనికి తిరిగొచ్చాయి, ఎన్ని విశ్రాంతిలో ఉన్నాయి, ఎన్నింటిని నిద్రపుచ్చారు అన్న వివరాలు శాసనసభల ముందు పెట్టండి. మేత భత్యం పెంచాలో తగ్గించాలో ఆ లెక్క చూశాక మాట్లాడుకోవచ్చు.

భవదీయుడు,
ఒక పౌరుడు